ఫెలోషిప్ ఆగిన తర్వాత మన పరిశోధక విద్యార్థి

డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లా గారి పేరు మన ఇళ్ళలో పెద్దలకు తెలుసు. 1908లో హైదరాబాదులో జన్మించారు. జామియా నిజామియాలో దీనీ విద్య, ఉస్మానియాలో న్యాయశాస్త్రం చదివారు. 1933లో జర్మనీలోని బాన్ నుండి, 1935లో పారిస్‌లోని సోర్బాన్ నుండి డాక్టరేట్లు పొందారు. బాన్‌లో ఆయన అంశం ఇస్లామీ అంతర్జాతీయ న్యాయంలో తటస్థత. అంటే, రెండు రాజ్యాలు యుద్ధం చేస్తుంటే మూడో రాజ్యం ఎలా మసలుకోవాలన్న విషయం. సోర్బాన్‌లో ప్రవక్త (స), ఖలీఫాల కాలంనాటి దౌత్యం. మదరసా చదువు ఆయనకు అడ్డు కాలేదు సరికదా, మూలగ్రంథాలను నేరుగా చదివే శక్తినిచ్చింది. మదరసాలో చదువుకున్నవాణ్ణి గనుక ఈ మాట కాస్త గర్వంగానే రాస్తున్నాను.

ఇదంతా ఇప్పుడెందుకంటే, న్యాయం, రాజనీతి వంటి శాస్త్రాల్లో పిహెచ్‌డికి ప్రయోగశాలల్లోలాగా ప్రాజెక్టుల డబ్బు రావడం అరుదు. కుటుంబం పోషించాలి, లేదా ఫెలోషిప్ రావాలి. సచార్ కమిటీ 2006 నివేదిక తర్వాత, 2009లో కేంద్రం మౌలానా ఆజాద్ జాతీయ ఫెలోషిప్ ప్రారంభించింది. అందులో 30 శాతం స్త్రీలకు కేటాయించారు. "ఇంకెన్నాళ్ళు చదువు, నికాహ్ మాటేమిటి?" అని బంధువులు అడిగే ఇంట్లో, నెలనెలా వచ్చే ఆ సొమ్ము ఎంత పెద్ద జవాబో అమ్మాయిల తండ్రులకు తెలుసు.

2022 డిసెంబరులో మంత్రి స్మృతి ఇరానీ గారు లోక్‌సభలో, 2022-23 నుండి ఈ పథకాన్ని నిలిపివేస్తున్నట్లు చెప్పారు. ఇతర ఫెలోషిప్పులు ఈ విద్యార్థులకూ వర్తిస్తున్నాయన్నది కారణం. కొందరి విషయంలో అది నిజమే. అయితే ఒక విద్యార్థి ఒకేసారి రెండు ఫెలోషిప్పులు తీసుకోలేడు కదా! పైగా మన బిసి-ఇ రాష్ట్ర జాబితా, కేంద్ర ఒబిసి జాబితా వేరు. బిసి-ఇ సర్టిఫికెట్ చేతిలో ఉన్నంత మాత్రాన ఢిల్లీలో ఒబిసి అయిపోరు. రాష్ట్ర చట్టమే మినహాయించిన సయ్యద్, పఠాన్ కుటుంబాలకు ఆ దారీ లేదు.

ఇక ముఖ్యంగా మిగిలింది నెట్ పరీక్షలో జెఆర్‌ఎఫ్. దానికి వయోపరిమితి 30 ఏళ్ళు, స్త్రీలకు ఐదేళ్ళ సడలింపు. ఆలిమ్ కోర్సు ముగించి, ఆ తర్వాత ఇంటర్, డిగ్రీ, పీజీ మొదలుపెట్టే కుర్రవాడు అక్కడికి చేరేసరికి ఆ గీత దగ్గరపడుతుంది. మదరసాలో ఉండగానే పదో తరగతి, ఇంటర్ ప్రైవేటుగా కట్టించడం ఒక్కటే ఆ ఏళ్ళను మిగుల్చుతుంది. పిల్లవాణ్ణి చేర్పించే రోజునే ఈ లెక్క ముదర్రిస్ గారితో కూర్చుని వేసుకోండి.