సైడుకారులో మిత్రుడు



గడచిన కార్తీక మాసంలో మేము నలుగురు మిత్రులం రెండు మోటారు సైకిళ్లపై నూజివీడు మామిడి తోటలకు వెళ్లి వచ్చాము. అందరిదీ అరవై దాటిన వయస్సే. మేము నడిపినది పాత బుల్లెట్టు. దానికి ఎడమ ప్రక్క సైడుకారు బిగించి ఉంది. ఒకప్పుడు స్కూటరు సైడుకారులో భార్యాబిడ్డలను ఎక్కించుకొని పోయే కుటుంబాలు మన ఊళ్లలో కనబడేవి. ఇప్పుడు అది అరుదు గనుక దారి పొడవునా పిల్లలు వెంటబడ్డారు.

సైడుకారు సరదా కోసం కాదు. మాలో ఒకరికి చక్కెర వ్యాధి వలన మూడేండ్ల క్రిందట కుడికాలు తీసివేశారు. అప్పటినుండి ఆయన తన తోట మొహం చూడలేదు. వానలకు కోసుకుపోయిన ఆ డొంకలో కారు పోదు. ట్రాక్టరు మీదికి నలుగురిచేత ఎత్తించుకోవడం ఆయనకు ఇష్టం లేదు. ఇంతలో, మామిడి కొట్టించి పామాయిలు వేద్దామని కొడుకులు కాగితాలు సిద్ధం చేశారు. వారి తప్పు కూడా లేదు. తామర పురుగు పూతను మాడ్చివేస్తున్నది, కాసిన ఏడు ధర ఉండటం లేదు. "సంతకం పెట్టేముందు ఒక్కసారి చూడాలిరా" అన్నాడు మా మిత్రుడు.

ఆగిరిపల్లి రోడ్డు దిగి, తాటిచెట్ల నడుమ ఎర్రమట్టి డొంక పట్టాము. సైడుకారు బండి మామూలు బండి వలె ప్రక్కకు వంగదు. వేగం పెంచితే ఎడమకు లాగుతుంది, బ్రేకు వేస్తే కుడికి తిరుగుతుంది. చేతులు నొప్పి పుట్టాయి గాని క్షేమంగా చేరాము.

కోతలు ముగిసి అయిదు నెలలైంది. ఈ కాలంలో మామిడికి నీరు పెట్టరు. నేల ఆరి, చిగురు ముదిరితేనే పూత వస్తుంది. మిత్రుడు చంకకర్రలతో ఒక చిన్నరసం చెట్టు దగ్గరకు వెళ్లి, ఆకు త్రుంచి, నలిపి వాసన చూచాడు. "ముదిరింది. పుష్యమాసానికి పూస్తుంది" అన్నాడు. తరువాత చాలాసేపు మాటలాడలేదు.

ఆయనను అక్కడే కూర్చోబెట్టి, టీ తెద్దామని మేమొక్కరమే ఊళ్లోకి బయలుదేరాము. మొదటి ఎడమ మలుపులోనే ఖాళీ సైడుకారు చక్రం గాలిలోకి లేచింది! బోదెలో పడవలసిన వాళ్లం, ఎలాగో ఆగాము. వెళ్లేటప్పుడు ఎడమ మలుపులు తేలికగా తిరిగాయి కదా అనుకున్నాము. వచ్చి చెబితే మిత్రుడు ఫక్కున నవ్వాడు.

"అయితే పొద్దుటినుంచీ బండిని నేలమీద నిలబెట్టింది నేనే అన్నమాట! మీకు నేను బరువయ్యానని అనుకుంటున్నాను."

ఆ మాటకు మాకు నోట మాట రాలేదు. మూడేండ్లుగా ఆ తలంపు ఆయన మనసులో ఉన్నదని మాలో ఒక్కరమూ ఎరుగము.

తోట సంగతి ఇంకా తేలలేదు. ఈ పూత చూచిన తరువాత సంతకం పెడతానని ఆయన, సరేనని కొడుకులు అనుకున్నారు. కొట్టవలసి వస్తే తానే దగ్గరుండి కొట్టిస్తానన్నాడు.

మీ ఇంట్లోనూ గడప దాటలేని పెద్దవారు ఉండవచ్చు. వారు చూడగోరే పొలమో, ఊరో ఏదో అడగండి. ఒక్క పూట తీసుకొని వెళ్లండి.