ప్లాంటు కట్టేశాం.. మరి నడిపేదెవరు?

ఇంజినీరింగ్‌లో మురుగునీటి శుద్ధి చాప్టర్‌ని నేను మార్కుల కోసమే చదివాను. అసలు పాఠం మాత్రం కిందటేడు ఓ చిన్న మున్సిపాలిటీలోని శుద్ధి కేంద్రం (ఎస్‌టీపీ) చూడ్డానికి వెళ్లినప్పుడే అర్థమైంది. ట్యాంకులు కొత్తవి, మోటార్లు కొత్తవి. గాలి పంపే బ్లోయర్లు మాత్రం ఆగి ఉన్నాయి. ‘కరెంటు బిల్లు ఎక్కువొస్తోందని పగలు ఆపేస్తున్నాం సార్’ అన్నాడు ఆపరేటర్.

ఆపితే ఏమవుతుంది? ట్యాంకులో మురుగును తినేది బ్యాక్టీరియా. దానికి ఆక్సిజన్ కావాలి. గంటల తరబడి గాలి అందకపోతే అది చచ్చిపోతుంది. అప్పుడు మురుగు ఒకవైపు నుంచి వచ్చి, దాదాపు అలాగే రెండోవైపు నుంచి చెరువులోకి వెళ్లిపోతుంది.

ఇది ఒక్క ఊరి కథ కాదు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2021 నివేదిక ప్రకారం దేశంలోని పట్టణాల్లో రోజుకు 72,368 మిలియన్ లీటర్ల మురుగునీరు వస్తోంది. ఏర్పాటు చేసిన ప్లాంట్ల సామర్థ్యం 31,841 మిలియన్ లీటర్లు. నిజంగా శుద్ధి అవుతున్నది 20,236 మాత్రమే. అంటే ప్లాంట్లు చాలకపోవడం ఒక సమస్య అయితే, ఉన్న సామర్థ్యంలోనే మూడో వంతుకు పైగా వాడుకోలేకపోవడం ఇంకో సమస్య.

ఎందుకిలా? 50 వేల జనాభా ఉన్న పట్టణాన్ని తీసుకోండి. ప్రమాణాల ప్రకారం మనిషికి రోజుకు 135 లీటర్ల నీళ్లు ఇచ్చి, అందులో 80 శాతం మురుగుగా మారుతుందనుకుంటే రోజుకు 54 లక్షల లీటర్లు. కానీ చిన్న పట్టణాల్లో చాలాచోట్ల భూగర్భ డ్రైనేజీ లేదు. ఇళ్లకు సెప్టిక్ ట్యాంకులే దిక్కు. పైపులైన్ వేసినా ఇంటింటికీ కనెక్షన్ ఇవ్వకపోతే ప్లాంటుకు చేరాల్సిన నీళ్లు చేరవు.

డబ్బు సంగతీ అంతే. 2021 అక్టోబర్‌లో మొదలైన స్వచ్ఛ భారత్ రెండో దశలో లక్షలోపు జనాభా ఉన్న పట్టణాల మురుగునీటి పనులకూ నిధులున్నాయి. కానీ కట్టడం ఒక్కసారి ఖర్చు. ఆ తర్వాత ఏళ్ల తరబడి కరెంటు, జీతాలు, రిపేర్లు మున్సిపాలిటీ నెత్తినే పడతాయి.

అందుకే ఊరి స్తోమతకు తగిన టెక్నాలజీ ముఖ్యం. బెంగళూరు విమానాశ్రయం దగ్గరి దేవనహళ్లిలో 2015 నాటికి భూగర్భ డ్రైనేజీ లేదు. అక్కడ 2015లో రోజుకు 6 వేల లీటర్ల సామర్థ్యంతో సెప్టిక్ ట్యాంకు వ్యర్థాల శుద్ధి కేంద్రం పెట్టారు. ట్యాంకులు ఖాళీ చేసే లారీలు నేరుగా అక్కడికే వస్తాయి. యంత్రాల అవసరం తక్కువ కాబట్టి కరెంటు ఖర్చూ తక్కువే. మన దగ్గర వరంగల్, నరసాపురంలలోనూ ఇలాంటి కేంద్రాలు వచ్చాయి. అయితే ఒక్కమాట: ఇవి ట్యాంకుల్లోని వ్యర్థాలకే పనికొస్తాయి. వంటింటి, స్నానాల నీళ్లు రోడ్డు పక్క కాల్వలోనే పారుతుంటాయి. వాటికి వేరే ఏర్పాటు తప్పదు.

ఇక మన సంగతి. సివిల్ వాళ్లకు మాత్రమే పనికొచ్చే రంగం కాదిది. బ్లోయర్లు, పంపులు మెకానికల్ వాళ్ల పని. ఆక్సిజన్ ఎంతుందో సెన్సర్‌తో చూసి అవసరమైనంతే గాలి పంపే వ్యవస్థ ఎలక్ట్రికల్, ఇన్‌స్ట్రుమెంటేషన్ వాళ్ల పని. నేను చూసిన ప్లాంటులో అదే ఉంటే, బ్లోయర్లు పూర్తిగా ఆపకుండానే బిల్లు తగ్గించుకోవచ్చు. శాంపిళ్లు పరీక్షించడానికి కెమిస్ట్రీ, మైక్రోబయాలజీ చదివినవాళ్లు కావాలి. గేట్‌లో 2021 నుంచి ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ అండ్ ఇంజినీరింగ్ పేపర్ కూడా ఉంది.

ఫైనలియర్ ప్రాజెక్టు కోసం వెతుకుతున్నారా? అనుమతి తీసుకుని మీ ఊరి ప్లాంటుకు ఒకసారి వెళ్లండి. రెండే ప్రశ్నలు అడగండి: రోజుకు ఎన్ని లీటర్లు వస్తున్నాయి? బయటికెళ్లే నీటిని చివరిసారి ఎప్పుడు పరీక్షించారు? రిజిస్టర్‌లో జవాబు దొరక్కపోతే, మీ ప్రాజెక్టు టాపిక్ దొరికినట్టే.