ఆ గడప తొక్కవలసినది మనమే

ఉద్యోగి ప్రమాదములో మరణించినచో కాలనీ అంతయు ఆ ఇంటికి తరలివచ్చును. మరణము ఆత్మహత్య అయినచో, వచ్చినవారు గుమ్మము కడనే నిలిచి, కారణమేమని గుసగుసలాడి మరలిపోవుదురు. ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్లలోనైనను, సాలువా వైపు బస్తీలలోనైనను ఇదియే వరుస. పదకొండవ దినము గడచిన పిమ్మట ఆ తల్లిని, ఆ తమ్ముని పలుకరించువారుండరు. ఇది సంఘము పని కాదని కొందరు మిత్రుల వాదన. మేము అంగీకరింపము.

ఆత్మహత్యకు యత్నించినవారిని, అన్యథా ఋజువైన తప్ప, తీవ్రమైన ఒత్తిడికి లోనైనవారిగా భావించి శిక్షింపరాదనియు, వారికి చికిత్స, పునరావాసము కల్పించుట ప్రభుత్వ విధియనియు 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము చెప్పుచున్నది. చట్టము మారినది, మన కాలనీల మాటతీరు మారలేదు.

నింద మాటలతో ఆగదు. సిగ్గుచే కుటుంబము కాగితములే పెట్టదు. తపాలా శాఖతో సహా కేంద్ర ఉద్యోగులకై 1998 అక్టోబరు 9న వెలువడిన కారుణ్య నియామక పథకము, సర్వీసులో మరణమనగా ఆత్మహత్యయు చేరునని స్పష్టముగా పేర్కొన్నది. రైల్వేలో ఉద్యోగమందుండగా మరణించినవారి కుటుంబములకు వేరుగా ఉత్తర్వులు కలవు. పింఛను దరఖాస్తు వ్రాసిపెట్టి, వెల్ఫేరు ఇన్‌స్పెక్టరు చుట్టు తాను తిరుగు కార్యకర్త ఒక్కడు దొరికినచో ఆ ఇంటికి ఓదార్పు అచ్చటనే ఆరంభమగును. పూలదండలు, సంతాప తీర్మానములు తరువాత.

ఇక యువకుల మాట. జాతీయ నేర నమోదు సంస్థ లెక్క ప్రకారము 2022లో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసికొనిరి. బెంగాల్ నుండి నీట్ కోచింగునకు విశాఖపట్నము వెళ్ళి 2023లో మరణించిన విద్యార్థిని కేసులో, 2025 జూలై 25న సుప్రీంకోర్టు తీర్పు చెప్పుచు, నూరుగురు లేక అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థయు శిక్షణ పొందిన కౌన్సెలరునో, మనస్తత్వ నిపుణునో, సామాజిక కార్యకర్తనో నియమింపవలెనని ఆదేశించినది. నూరుగురు పిల్లలకు ఒకరు కావలసినప్పుడు, వేలాది కుటుంబముల రైల్వే పట్టణమునకు అక్కరలేదా? ఇట్టి మరణములకు డ్యూటీలో సాక్షులై మరల బండి ఎక్కవలసిన లోకో పైలట్ల మాట చెప్పనే అక్కరలేదు.

రైల్వే ఆసుపత్రిలో సామాజిక కార్యకర్త ఉండవలెను. ఆ వ్యక్తికి తెలుగు రావలెను. తెలుగునకు అధికార భాషా హోదా నిచ్చుటకు 2020 డిసెంబరులోనే రాష్ట్ర మంత్రివర్గము నిర్ణయించినది. బిడ్డను పోగొట్టుకొన్న తల్లి తన దుఃఖమును దుబాసీ ద్వారా చెప్పుకొనజాలదు.

యాజమాన్యము కదలువరకు మనము కూర్చుండ నక్కరలేదు. తెలుగులోను రేయింబవళ్ళు ఉచితముగా పలుకు టెలి మానస్ నంబరు 14416ను ప్రతి బ్రాంచి నోటీసు బోర్డుపై వ్రాయవలెను. ప్రతి బ్రాంచి ఇరువురు సభ్యులను, అందొక మహిళను, ఈ పనికి ఎన్నుకొని, పరీక్షా ఫలితములు వెలువడుటకు ముందే వారి పేర్లు కాలనీలో అందరికిని తెలుపవలెను.