మన యిల్లు: పండుగకు తెఱచు రాతియిల్లు



ఇల్లు కట్టి చూడుము, పెండ్లి చేసి చూడుము అని మన పెద్దలు చెప్పుదురు. కట్టిన యింటిని మూడుతరములు నిలుపుకొని చూడుమని మాత్ర మేల చెప్పలేదో! ఆ పని నిత్యమును స్త్రీల చేతులలో జరిగిపోవుచుండుటచేత అదియు నొక పనియేనని వారికి తోచకపోయి యుండును. ఈ మాసము మన శీర్షికలో ఆ నిలుపుకొనుటను గుఱించియే ముచ్చటించుకొందము.

కామారెడ్డి జిల్లాలో బాన్సువాడనుండి పడమటికి పోయినకొలది నేల నల్లబడును. మద్నూరు చేరునప్పటికి కనుచూపుమేర రేగడియే. ఆ రేగడిక్రింద నున్నది నల్లరాయి. ఆఱుకోట్ల యేండ్లకు పూర్వము దక్కనుపై అగ్నిపర్వతముల ద్రవము పొరలుపొరలుగా పాఱి గడ్డకట్టిన శిల యది. మహారాష్ట్ర కర్ణాటక సరిహద్దులు రెండును దగ్గఱనే యుండుటచేత ఇచట తెలుగు, మరాఠి, కన్నడము మూడును వినవచ్చును. పొరుగుననున్న బిచ్కుంద, జుక్కలు ఫిర్కాలు 1956 వఱకు నాందేడు జిల్లా దెగ్లూరు తాలూకాలోనివి. రాష్ట్రముల పునర్విభజనలో అవి ఆంధ్రప్రదేశములో చేరెను. కావున ఈ వైపు పాతయిండ్లు తెలంగాణపు భవంతికిని మరాఠీవారి వాడాకును చుట్టఱికము కలిపినట్లుండును.

వీథివైపు ఎత్తైన రాతిగోడ, దాని నడుమ కమాను దర్వాజ, ఇరువైపుల కూర్చుండుటకు అరుగులు. లోపల అడుగిడినంతనే ఆకాశము కనబడు వాకిలి. దాని చుట్టును కఱ్ఱ మొగరములపై నిలిచిన పడసాలలు. గోడలలో దీపములకు గూళ్లు. గోడ రెండు మూరల మందముండుటచేత వైశాఖపుటెండ లోపలికి చేరునప్పటికి ప్రొద్దు గ్రుంకును. అందుచేతనే మిట్టమధ్యాహ్నము పడసాలలో చాప పఱచుకొన్నవారికి విసనకఱ్ఱతో పనియుండెడిది కాదు.

వడ్డెరలు రాయి కొట్టిరి, కాసెవారు దానిని చెక్కిరి, వడ్రంగులు మొగరములపై లతలు తీర్చిరి. వారి పని ఒక్కమాఱుతో ముగిసెను. ఏటేట ఆ యింటిని మరల క్రొత్తది చేసినది మాత్రము ఇల్లాలు. తెల్లవాఱక ముందే వాకిట సాంపి చల్లి ముగ్గు పెట్టినది ఆమె. దసరాకు ముందు గోడలకు సున్నము వేసి, అడుగున జాజుపట్టె దిద్ది, దానిపై తెల్లచుక్కలు పెట్టినది ఆమె. పెండ్లి వచ్చినప్పుడు దర్వాజకు ఇరుప్రక్కల చిలుకలను, కలశములను వ్రాసినది ఆమె. ఈ చిత్రముల క్రింద పేరు వ్రాసికొనిన యువతి లేదు. వానవచ్చి కడిగివేయును, మరుసటియేట మరియొక చేయి వ్రాయును.

ఇప్పుడా చేయి ఊరిలో లేదు. పిల్లలు హైదరాబాదులో, నిజామాబాదులో, నాందేడులో, కొందఱు సముద్రములకు ఆవల నున్నారు. ఇంటికి తాళము. బతుకమ్మ పండుగకో దసరాకో, ఎవరిదైన పెండ్లికో ఆ తాళము తీయుదురు. నాలుగుదినములు పొయ్యి రాజును, పిల్లలు వాకిట పరుగులిడుదురు, అయిదవనాడు మరల తాళము పడును. మనము ఆ పేరు పెట్టుకొనకపోయినను అది సెలవుల యిల్లయినది.

ఇట్టి యిండ్లు పాశ్చాత్యదేశములలోను గలవు. ఫ్రాన్సు దేశమున ఇంచుమించు పదియిండ్లలో నొకటి ఇట్లు సెలవులకు తెఱచునదియే. అచటను గ్రామములు విడిచి జనులు పట్టణములకు పోగా రాతియిండ్లు పాడువడెను. తరువాత పట్టణవాసులు వానిని కొని, బాగుచేసి, చిత్రములతో అలంకరించి వేసవికి వచ్చి యుండసాగిరి. ఆ పల్లెసీమలో నొక యింటి కథ మనము వినదగినది. క్లోద్ మొనె అను సుప్రసిద్ధ చిత్రకారుడు 1883 లో నార్మండీ ప్రాంతపు జివెర్ని గ్రామమున ఒక పొడవైన పాతయిల్లు అద్దెకు తీసికొని, 1890 లో దానినే కొని, 1926 లో చనిపోవువఱకు అందే నివసించెను. భోజనశాల గోడలకును కుర్చీలకును గూడ పసుపురంగు వేయించెను. వంటయింటికి నీలము తెలుపు కలిసిన పలకలు అతికించెను. జపానుదేశపు అచ్చుచిత్రములను గదులనిండ వ్రేలాడదీసెను. గోడకు రంగు, వంటయింటికి వెలుతురు, కిటికీకెదురుగా పూలు: ఆ యింటి యందము ప్రధానముగా వీనివలన కలిగినది.

ఆయన పోయిన పిమ్మట ఆ యింటిని కనిపెట్టుకొని యున్నది బ్లాంష్ అను స్త్రీ. ఆమె మొనెగారి రెండవభార్యకు మొదటి వివాహమున కలిగిన కూతురు. ఆయన పెద్దకుమారుని పెండ్లియాడి విధవ యయినది. తానును చిత్రకారిణియే. 1947 లో ఆమె మరణించెను. అంతటితో ఇంటిని చూచు దిక్కు తగ్గెను. కొన్నియేండ్లకు నేలచెక్కలు, దూలములు చివికిపోయెను. మెట్లు కూలెను. చిత్రములు వ్రాసిన పెద్దశాలలో చెట్లు మొలిచెను. తరువాత ఎందఱో ధనమిచ్చి, ఏండ్లకొలది శ్రమపడి, 1980 లో దానిని ప్రజల దర్శనమునకు తెఱచిరి. ఒక్క స్త్రీ నిత్యము చేయు చిన్నపని నిలిచిపోగా, దానిని మరల పూరించుటకు ఎంత పెద్దపని కావలసివచ్చెనో చూచితిరా?

అంతదూర మేల? మన కామారెడ్డి జిల్లాలోనే తూర్పుదిక్కున దోమకొండ గడి యున్నది. పదునెనిమిదవ శతాబ్దమున కామినేని వంశపు సంస్థానాధీశులు కట్టించిన మేడ యది. చుట్టును రాతిప్రాకారము, లోపల కాకతీయులనాటి మహాదేవాలయము, మేడకు గచ్చుపనితో తీర్చిన కంబములును కమానులును. చాలకాలము పాడువడియున్న ఈ గడిని ఆ వంశమువారే పూనుకొని బాగుచేయించిరి. ఆ పనిని నడపిన వాస్తుశిల్పి అనురాధా నాయక్‌గారు స్త్రీ యగుట మనకెల్లరకును సంతోషకరము. 2022 లో యునెస్కో సంస్థ ఆసియా పసిఫిక్ దేశములకు ఇచ్చు వారసత్వ పరిరక్షణ పురస్కారములలో నొకటి ఈ గడికి లభించెను.

గడి యనగానే మనలో కొందఱి మనస్సు చివుక్కుమనును. అది న్యాయమే. తెలంగాణమున అనేక గడుల సున్నపుమెఱుగు వెనుక వెట్టిచాకిరి యున్నది. కూలిలేక నీళ్లు మోసినవారు, వడ్లు దంచినవారు, పసిబిడ్డను గట్టుమీద విడిచి దొరవాకిలి ఊడ్చినవారు మన ముత్తవ్వలే. మద్నూరునుండి సంగారెడ్డికి పోవు దారిలోని జోగిపేటలోనే 1930 లో సురవరము ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతను నిజాంరాష్ట్రపు ప్రథమాంధ్రమహాసభ జరిగెను. దానితోడనే నడింపల్లి సుందరమ్మగారి అధ్యక్షతను మహిళాసభయు జరిగెను. 1946 మొదలు 1951 వఱకు నడచిన సాయుధపోరాటకాలమున ఎన్నియో గడులు ఖాళీయయ్యెను. అట్టి గోడలను కాపాడుట యెందుకని యడుగువారికి మా యుత్తర మిది: గోడను కూల్చినంతమాత్రమున ఆ దుఃఖము మాసిపోదు, సాక్ష్యము మాత్రము మాసిపోవును. గడిని చూపించునపుడు దొరపేరుతోపాటు ఆ వెట్టికథయు పిల్లలకు చెప్పవలయును. రాయి మోసినవారి పని అందులో నున్నది గనుక దానిపై వారి మనుమరాండ్రకును హక్కున్నది.

ఇక మన చిన్నయిండ్ల మాట. పాత రాతిగోడకు నేడు మొదటి శత్రువు సిమెంటు. పాతగోడ మట్టితోనో సున్నముతోనో కట్టినది. నేలనుండి యెక్కిన చెమ్మను అది పీల్చుకొని మెల్లగా గాలికి విడుచును. పైన సిమెంటు పూసినచో ఆ దారి మూసికొనును. చెమ్మ లోపలనే నిలిచి, ఉప్పుపూసి, రెండుమూడు వర్షకాలములకు పూత ఉబ్బి పెచ్చులూడును. అప్పుడు గోడయే చెడినదని తలచి కూలగొట్టింతురు. చెడినది పూతయే కాని గోడ కాదు.

కావున పాతగోడకు సున్నమే వేయింపుడు. కాల్చిన రాతిసున్నమును నీళ్లలో విరియజేసి, పైన నీరు నిలుచునట్లుగా కొన్నివారములు నానవలయును. ఎంత నానిన అంత మెత్తనగును. ఒకపాలు సున్నమునకు మూడుపాళ్లు ఇసుక చేర్చి చక్కగా నూఱించిన గచ్చు అగును. పూర్వులు అందులో బెల్లపునీరును, కరక్కాయలు నానవేసిన నీరును గలిపెడివారు. వెల్లకొఱకైనచో ఆ సున్నమును పలుచని గుడ్డతో వడియగట్టి, కొంచెము గంజి కలిపి, గోడను ముందుగా తడిపి, పలుచగా రెండుమూడు పూతలు పూయవలయును. ఒక్క హెచ్చరిక: సున్నము విరియునపుడు సలసల కాగును. కంట పడినచో చూపునకే ముప్పు. పిల్లలను దరికి రానీయకుడు, చేతులకు తొడుగులును కండ్లకు అద్దములును లేక ముట్టకుడు.

వానకాలమునకు ముందు చూడవలసినవి మఱి మూడు గలవు. పైకప్పునుండి పడు నీరు గోడమొదట నిలువక దూరముగా పోవునట్లు కాలువ తీయింపుడు. రాళ్లసందున రావి, మఱ్ఱి మొలకలు కనబడినచో వ్రేలెడు పొడవుననే తీసివేయుడు. ముదిరిన మొక్కను బలముగా పెఱికినచో రాయియు దానివెంట వచ్చును గనుక కోసి, వేరును ఎండనిచ్చి, మేస్త్రిచేత తీయింపవలెను. మట్టిమిద్దెయైనచో బీటలు పూడ్పింపుడు. నెలకొకమాఱు తలుపులు కిటికీలు తెఱచి గాలియాడ జేయుటకు పొరుగింటి యామెకు తాళపుచెవి యిండు. ఆమె కష్టమునకు తగిన కూలియు నిండు. ఈ యూరిలో ఊరక చేయించుకొన్న దినములు చాలును.

కడపట ముఖ్యమైన మాట. పాతయింటిని అమ్ముటయో, పడగొట్టుటయో నిర్ణయించునపుడు అన్నదమ్ములు కూర్చుండి మాటలాడుకొందురు. ఆడబిడ్డకు పండుగచీర పెట్టి పంపుదురు. చట్టము అట్లు చెప్పుట లేదు. మన రాష్ట్రమున 1986 లో చేసిన సవరణ, 1985 సెప్టెంబరు 5 నాటికి పెండ్లికాని కూతుండ్రకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానమైన భాగ మిచ్చెను. 2005 లో కేంద్రచట్టము వివాహితలకును ఆ హక్కు కలిగించెను. ఆ చట్టము వచ్చునాటికి తండ్రి జీవించియుండనక్కఱలేదని 2020 లో సుప్రీముకోర్టు తేల్చి చెప్పెను. ఇది హిందూకుటుంబముల ఉమ్మడి ఆస్తికి సంబంధించినది. 2004 డిసెంబరు 20 కి ముందే చట్టబద్ధముగా జరిగిన పంపకములను ఇది కదపదు. మీ యింటి సంగతి తెలిసిన వకీలు నడిగి తెలిసికొనుడు. హక్కున్నదని అన్నదమ్ములతో తగవులాడుమని మా తాత్పర్యము కాదు. సంతకము చేయుమని కాగితము ముందు పెట్టినప్పుడు, చేయుటకు ముందు ఇంటిని గుఱించి ఒకమాట పలుకుటకు మీకు అధికారము గలదని తెలిసియుండవలెను.

అన్ని యిండ్లు నిలువవు. కొన్నిటికి దూలము చివికినది, కొన్నిటికి వాటాదారులు నలువది మంది. అమ్మక తప్పనివారు అమ్ముదురు. వారిని మేము నిందింపము. ఐనను నిలుపదగిన యిల్లు తెలియకపోవుటచేత నేలగూలకూడదు. వచ్చు బతుకమ్మకు పుట్టింటికి పోవు సోదరీమణులు తాళము తీసిననాడే ఒక గడియ తీఱిక చేసికొని గోడలచుట్టు తిరిగి చూతురు గాక. ఎచట చెమ్మ యెక్కినది, ఎచట మొలక మొలిచినది, ఏ మొగరము చెదలుపట్టినది వ్రాసికొనుడు. మీ అవ్వ దిద్దిన జాజుపట్టె ఇంకను కనబడుచున్నచో ఆ చుక్కల వరుసను కాగితముపై దింపి మాకు పంపుడు. రాబోవు సంచికలలో వానిని ఈ పుటలో అచ్చువేయించెదము.