ఆవిడ రాయని డైరీ

“అమ్మా, బయటికి తెలిస్తే ప్రాణాలే పోతాయి కదా. అయినా లోపల ప్లేట్ల కోసం ఎందుకు పోట్లాడుకున్నారు?”

మా అమ్మాయి ఈ ప్రశ్న వేసేసరికి నేను కుక్కర్ మూత బిగిస్తున్నాను. తను ఏడో తరగతి చదువుతోంది. క్లాసులో అన్నే ఫ్రాంక్ డైరీ చదివిస్తున్నారు. “తర్వాత చెప్తాలే” అని తప్పించుకున్నాను. కానీ ఆ రోజంతా స్టవ్ పక్కన వేలాడుతున్న దోసె పెనం కేసి చూడలేకపోయాను. ఆ పెనం కథకి తర్వాత వస్తాను.

డైరీని మనలో చాలామంది చిన్నప్పుడు పాఠంగానో, ఎవరో చెప్పిన కథగానో విన్నవాళ్ళమే. ఈసారి పిల్లతో పాటు కూర్చుని మొదటి నుంచి చదివాను. నా చిన్నప్పుడు అందులో నాకు కనిపించింది ఆ అమ్మాయి ఒక్కతే. ఇప్పుడు ఇల్లాళ్ళిద్దరూ కనిపించారు.

ఆమ్‌స్టర్‌డామ్‌లో ప్రిన్సెన్‌గ్రాక్ట్ కాలవ ఒడ్డున, 263వ నంబరు భవనం. ముందు వైపు ఒట్టో ఫ్రాంక్ ఆఫీసు, కింద గిడ్డంగి. జామ్ గట్టిపడడానికి వేసే పెక్టిన్ అమ్మే కంపెనీ అది. వెనక భాగంలో ఉన్న గదుల్లోకి 1942 జూలై 6న ఒట్టో, ఆయన భార్య ఎడిత్, కూతుళ్ళు మార్గొట్, అన్నే చేరారు. వారం తర్వాత అదే కంపెనీలో మసాలా దినుసుల పని చూసే హెర్మన్ వాన్ పెల్స్, ఆయన భార్య ఆగస్టె, కొడుకు పీటర్ వచ్చారు. నవంబరులో ఫ్రిట్జ్ ఫెఫర్ అనే పళ్ళ డాక్టరు. మొత్తం ఎనిమిది మంది. రెండేళ్ళ పైచిలుకు, 1944 ఆగస్టు 4న పట్టుబడేదాకా, ఒక్కరు కూడా గడప దాటి వీధిలోకి వెళ్ళి బతకగల పరిస్థితి లేదు.

పగలు గిడ్డంగిలో పనివాళ్ళుంటారు. వాళ్ళకి పైన మనుషులున్నారని తెలియదు. అందుకని చెప్పుల చప్పుడు కూడదు, కుళాయి తిప్పకూడదు, టాయిలెట్లో నీళ్ళు వదలకూడదు. కోపం వచ్చినా గట్టిగా అరవడానికి లేదు. మీప్ గీస్, మిగతా ఆఫీసు వాళ్ళు తమ ప్రాణాలు పణంగా పెట్టి, దొంగచాటు రేషన్ కూపన్లతో తెచ్చిందే తిండి.

అలాంటి చోట మొదటి గొడవల్లో ఒకటి దుప్పట్ల గురించి. అందరూ వాడుకునే అలమరాలోంచి ఆగస్టె తన దుప్పట్లు మూడు తప్ప మిగతావన్నీ తీసేసుకుంది. ఎడిత్‌వి ఎలాగూ ఉన్నాయిగా, రెండు కుటుంబాలకీ సరిపోతాయనుకుందట. ఎడిత్ తక్కువ తిన్నదా? తనూ తనవి తీసేసింది. తర్వాత ప్లేట్లు. అందరూ తన ప్లేట్లలోనే తింటున్నారని ఆగస్టెకి మంట. ఫ్రాంక్ వాళ్ళవి ఎక్కడున్నాయో ఆవిడకి అంతు పట్టలేదు. అవి అటక మీద, అట్టపెట్టెల్లో భద్రంగా ఉన్నాయి! ఈలోగా అన్నే చెయ్యి జారి ఆగస్టె సూప్ గిన్నె ఒకటి పగిలింది.

ఇక్కడిదాకా చదివి మా అమ్మాయి నవ్వింది. నేను నవ్వలేకపోయాను.

డబ్బు అయిపోతున్నప్పుడు, 1943లో, ఆగస్టె పదిహేడేళ్ళు వేసుకున్న కుందేలు బొచ్చు కోటు అమ్మితే 325 గిల్డర్లు వచ్చాయి. యుద్ధం అయ్యాక బట్టలు కొనుక్కుందామని ఆవిడ ఆ డబ్బు దాచుకోవాలనుకుంది. ఇల్లు గడవడానికి కావాలన్నాడు మొగుడు. దాని మీద పెద్ద రభస. అన్నేకీ ఫెఫర్‌కీ కలిపి ఒకటే గది, ఒకటే బల్ల. వారంలో రెండు మధ్యాహ్నాలు, నాలుగు నుంచి అయిదున్నర దాకా బల్ల ఇమ్మని అడిగితే ఆయన ముందు కుదరదన్నాడు. ఒట్టో మధ్యలో కల్పించుకోవాల్సి వచ్చింది. 1944 జనవరికల్లా మాంసం, నూనె, కొవ్వు వాటాలు వేసేసుకున్నారు. బంగాళాదుంపలు కూడా ఎవరివి వాళ్ళే వేయించుకున్నారు.

ఇప్పుడు పెనం సంగతి. ముందే ఒక మాట. వాళ్ళ కష్టానికీ మా ఇరుకుకీ పోలిక లేదు. మమ్మల్ని ఎవరూ చంపడానికి వెతకలేదు. నేను పోల్చుకుంటున్నది దుప్పట్లు తీసి దాచిన ఆ చేతిని మాత్రమే.

2020 ఏప్రిల్. డాలస్ దగ్గర ఉండే మా బావగారి కాంట్రాక్టు పోయింది. హెచ్1 వాళ్ళందరికీ తెలిసిన లెక్కే: అరవై రోజుల్లో ఇంకో ఉద్యోగం దొరకాలి, లేకపోతే దేశం వదలాలి. ఇండియాకి విమానాలు లేవు. వాళ్ళ అపార్ట్‌మెంటు లీజు కూడా ఆ నెలతోనే అయిపోయింది. “మా దగ్గరికి వచ్చెయ్యండి” అన్నారు మా ఆయన. నేను కూడా మనస్ఫూర్తిగానే అన్నాను. బెంటన్‌విల్‌లో మా రెండు పడగ్గదుల అపార్ట్‌మెంటులోకి బావగారు, అక్క, వాళ్ళ ఇద్దరబ్బాయిలు వచ్చారు. మాతో కలిపి ఏడుగురం. రెండున్నర నెలలు.

మొదటి వారం పండగలా గడిచింది. రెండో వారం అక్క నా దోసె పెనం మీద ఆమ్లెట్ వేసింది. నాలుగేళ్ళు నూనె పట్టించి, ఉల్లిపాయ రుద్ది సిద్ధం చేసుకున్న ఇనప పెనం అది. మర్నాడు దోసె అంటుకుపోయింది. నేను ఏమీ అనలేదు. అనకుండా ఎలా ఉండాలో అలా ఉన్నాను, అంటే గిన్నెలు కాస్త గట్టిగా పెట్టాను. తర్వాత పెరుగు తోడు దగ్గర, ఫ్రిజ్‌లో అరల దగ్గర, పిల్లల టీవీ దగ్గర. సోనామసూరి బస్తా దొరకడమే గగనంగా ఉన్న రోజులు. అన్నం పారేస్తే ప్రాణం ఉసూరుమనేది. అప్పుడు నేను చేసిన పని ఈ వ్యాసంలో తప్ప ఎక్కడా చెప్పలేదు. మా అమ్మ పంపిన నెయ్యి సీసా, కందిపొడి, కారప్పొడి తీసుకెళ్ళి నా పడగ్గది క్లోజెట్లో చీరల వెనక పెట్టుకున్నాను.

వెళ్ళే వారం ఏదో మాట మీద మాట వచ్చింది. “నీ ఇల్లు నీకు అప్పగించేస్తున్నాంలే తల్లీ” అంది అక్క. అంతే. అయిదేళ్ళుగా మా మధ్య సంక్రాంతికో మెసేజ్, పుట్టినరోజుకో మెసేజ్.

నేను బీజడ్‌సీ చదివాను. గ్యాస్ సూత్రాలు ఇప్పటికీ గుర్తున్నాయి. పాత్ర మూత బిగించి వేడి చేస్తే లోపల ఒత్తిడి పెరుగుతుంది. లోపలి అణువులు చెడ్డవని ఏ పుస్తకంలోనూ రాయలేదు. కానీ మనుషుల విషయానికి వచ్చేసరికి మూత బిగించినవాణ్ణి మర్చిపోయి, పక్కన తగులుతున్న మోచేతినే తిట్టుకుంటాం.

ఇంకో సంగతి కూడా సైన్సు విద్యార్థికి తట్టాల్సింది, ఇన్నాళ్ళూ నాకు తట్టలేదు. ఆ ఇంటి గొడవల గురించి మనకి తెలిసినదంతా దాదాపుగా ఒక్కరి చూపు. లోపలికి వెళ్ళేనాటికి ఆ పిల్లకి పదమూడేళ్ళు. పుస్తకంగా తీర్చిదిద్దుకుంటూ పేర్లు కూడా మార్చింది. వాన్ పెల్స్ వాళ్ళు ‘వాన్ డాన్’ అయ్యారు. ఫెఫర్ ‘డసెల్’ అయ్యాడు. జర్మన్‌లో ఆ మాటకి తెలివితక్కువవాడని అర్థం. ఆయనకి షార్లెట్ కాలెట్టా అనే సహచరి ఉండేది. ఆవిడ యూదురాలు కాదు కాబట్టి చట్టం పెళ్ళి చేసుకోనివ్వలేదు. మీప్ ద్వారా ఇద్దరికీ ఉత్తరాలు నడిచాయి గానీ, ఆయన ఎక్కడున్నాడో షార్లెట్‌కి తెలియదు. ఆ బల్ల మీద హక్కు కోసం పంతం పట్టిన మనిషికి కొడుకు కూడా ఇంగ్లండులో ఉన్నాడు, నాజీల నుంచి కాపాడుకోవడానికి ఒంటరిగా పంపించేశాడు. తర్వాత నాటకంలో, సినిమాలో ఆయన్ని నవ్వులాటగా చూపిస్తే షార్లెట్ చాలా బాధపడింది.

ఆగస్టె ఏమీ రాయలేదు. జర్మనీలో ఒక ఇల్లు వదిలి, ఆమ్‌స్టర్‌డామ్‌లో ఇంకో ఇల్లు వదిలి, టోపీ పెట్టెలో రాత్రిపూట వాడుకునే కుండ పెట్టుకుని వచ్చిన మనిషి. ఆ దుప్పట్లు, ఆ ప్లేట్లు తప్ప తనూ ఒక ఇంటి ఇల్లాలినే అని చెప్పుకోవడానికి ఆవిడకి ఏం మిగిలింది?

పిల్ల ప్రాజెక్టు కోసం మొన్న లాంగ్ వీకెండ్‌లో లిటిల్ రాక్ వెళ్ళాం. మా ఊరి నుంచి మూడు గంటల పైన ప్రయాణం. ఆ ఇంటి అటక కిటికీలోంచి అన్నేకి కనిపించిన చెస్ట్‌నట్ చెట్టు 2010 ఆగస్టులో గాలికి కూలిపోయింది. దాని గింజల నుంచి పెంచిన మొక్కలు కొన్ని అమెరికాకి వచ్చాయి. క్లింటన్ ప్రెసిడెన్షియల్ సెంటర్ ఆవరణలో 2015లో అలా ఒకదానికి చోటిచ్చారు. చుట్టూ నిలబెట్టిన ఫలకాల మీద మన అర్కాన్సాస్ కథలే: భూమి నుంచి తరిమేసిన ఆదివాసులు, రోహ్వర్ శిబిరంలో బంధించిన జపనీస్ అమెరికన్లు, 1957లో సెంట్రల్ హైస్కూలు గుమ్మం తొక్కిన నల్లజాతి పిల్లలు.

అక్కడ బెంచీ మీద కూర్చుని, డైరీలో లేని సంగతి ఒకటి పిల్లకి చెప్పాను. పట్టుబడ్డాక ఎనిమిది మందిలో బతికి వచ్చింది ఒట్టో ఒక్కడే. 1945 మొదట్లో అన్నే, మార్గొట్ బెర్గెన్-బెల్సెన్ శిబిరంలో ఉన్నారు. ఆగస్టె కూడా అక్కడికే చేరింది. కంచెకి అవతలి భాగంలో అన్నే చిన్ననాటి నేస్తం హానా గోస్లర్ ఉంది. చీకట్లో కంచె దగ్గరికొచ్చి పిలిస్తే, పలికిన గొంతు ఆగస్టెది. మార్గొట్ లేవలేని స్థితిలో ఉంది, నేను అన్నేని తీసుకొస్తానని చెప్పి తీసుకొచ్చింది. కంచె మీదుగా హానా తిండి మూట విసిరింది. మొదటిది ఎవరో లాక్కున్నారు. ఇంకోసారి విసిరినది అన్నేకి అందింది. 2022లో కన్నుమూసిన హానా ఈ సంగతి ఎన్నోసార్లు చెప్పింది. ఆ వసంతం దాటకుండానే ముగ్గురూ పోయారు. సూప్ గిన్నె పగలగొట్టిన పిల్లని కంచె దాకా తీసుకొచ్చింది ఆ గిన్నె గల ఇల్లాలే. అన్నే బతికి ఉంటే ఆ పేజీ కూడా రాసేదేమో.

పిల్ల కాసేపు మాట్లాడలేదు. తర్వాత, “పెద్దమ్మ కూడా అంతే కదా” అంది.

“ఏంటి అంతే?”

“నీకు కోవిడ్ వచ్చి పదిరోజులు రూమ్‌లో ఉన్నావు చూడు. పెద్దమ్మ రోజూ నీ తలుపు బయట కింద కూర్చుని అన్నం తినేది. నువ్వొక్కదానివే తినకూడదని. నీకు చెప్పొద్దంది, దూరంగా పొమ్మని తిడతావని.”

నాకు తెలియదు. తలుపు దగ్గర పళ్ళెం పెట్టిన చప్పుడు, రసం వాసన మాత్రం గుర్తున్నాయి. అయిదేళ్ళుగా నా లెక్కలో పెనం ఉంది, ఆ మాట ఉంది. ఆ పదిరోజులు ఏడుగురికి వండిన మనిషి లేదు.

ఇంటికి వచ్చాక ఆ రాత్రే ఫోన్ చేశాను. ఎప్పుడూ చెయ్యని దాన్ని చేసేసరికి అక్క కంగారు పడింది. “ఏమైందే? అందరూ బాగున్నారా?”

“బాగున్నాం అక్కా. ఊరికే చేశాను.”

కాసేపు పిల్లల చదువులు, వాళ్ళ కొత్త ఇల్లు. పెనం సంగతి నేనే ఎత్తాను. “అదా! ఆమ్లెట్ వేస్తే వారం రోజులు నా మొహం చూడలేదు నువ్వు” అంది. తర్వాత తన వైపు కథ మొదలెట్టింది. ఏ రోజు నేను ఏ గిన్నె ఎలా పెట్టానో, పిల్లలు ఇంకో ముద్ద అన్నం అడిగితే తను ఎలా కళ్ళెర్ర చేసి ఆపేదో. అడ్డం చెప్పకుండా విన్నాను. చాలాచోట్ల తప్పు నాదే.

చివర్లో నవ్వింది. “పిచ్చిదానా, క్లోజెట్లో పెట్టినా నెయ్యి వాసన రాకుండా ఉంటుందటే?”