మత్తు కేసుల్లో తూకం ఒక్కటే చాలదు

1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం కింద మత్తుమందుల కేసులో శిక్షను ప్రధానంగా తేల్చేది తూకం. 2001 సవరణతో ఒక్కో పదార్థానికి రెండేసి హద్దులు వచ్చాయి: స్వల్ప పరిమాణం, వాణిజ్య పరిమాణం. గంజాయికి అవి 1 కిలో, 20 కిలోలు. చరస్‌కు 100 గ్రాములు, 1 కిలో. హెరాయిన్‌కు 5 గ్రాములు, 250 గ్రాములు. ఘాటు పెరిగేకొద్దీ హద్దు తగ్గింది కాబట్టి పైకి ఇది ముప్పును బట్టి చేసిన వర్గీకరణలాగే ఉంటుంది. మోతాదుల్లోకి మార్చి చూస్తే మాత్రం లెక్క కుదరదు.

ఎండీఎంఏకు స్వల్ప పరిమాణం అర గ్రాము. బిళ్లలో 100 మిల్లీగ్రాములు ఉంటుందనుకుంటే ఐదు బిళ్లలు. ఆల్ప్రజోలామ్‌కు 5 గ్రాములు. అర మిల్లీగ్రాము చొప్పున పదివేల మోతాదులకు సరిపడే పొడి. తెలంగాణలో కల్లు కల్తీకి వాడే పొడుల్లో ఇదొకటి. దీనికి అలవాటైన ఒంటికి అది ఒక్కసారిగా ఆగిపోతే ఫిట్స్ రావచ్చు. 2015లో అక్కడ కల్తీ కల్లుపై దాడులు జరిగాక, రోజూ తాగే కల్లు దొరక్క వింత ప్రవర్తనతో, మూర్ఛలతో పలువురు ఆస్పత్రుల పాలయ్యారు. 2025 జులైలో కూకట్‌పల్లి కల్లు మరణాల్లోనూ ఈ మందు పేరే బయటికొచ్చింది. పల్లెల్లో, బస్తీల్లో ప్రాణం తీస్తున్న పొడికి హద్దు అంత ఉదారంగా ఎందుకుందో చెప్పే లెక్క చట్టంలో ఎక్కడా కనబడదు.

గోదావరి జిల్లాల్లో ఈ చట్టం ఎక్కువగా ఎదురయ్యేది గంజాయి కేసుల్లో. మన్యం నుంచి దిగే సరుకులో కొంత 16వ నంబరు జాతీయ రహదారి మీద, రైళ్లలో, తాడేపల్లిగూడెం, ఏలూరు మీదుగా బయటి ఊళ్లకు పోతుంది. బ్రౌన్ టేపు చుట్టిన రెండేసి కిలోల ప్యాకెట్లు పది దొరికాయనుకుందాం. శిక్ష పదేళ్ల వరకు ఉండవచ్చు, కనిష్ఠం అంటూ లేదు. పదకొండో ప్యాకెట్ దొరికితే కనిష్ఠమే పదేళ్లు, గరిష్ఠం ఇరవై; నిందితుడు దోషి కాదనిపించే ఆధారం కోర్టుకు కనబడితే తప్ప 37వ సెక్షన్ బెయిలు రానివ్వదు. చట్టం దృష్టిలో గంజాయి అంటే పూత, కాయ ఉన్న కొసలే. అవి లేకుండా విడిగా ఉన్న ఆకు, గింజ లెక్కలోకి రావు. మూటలో కాడ ఎంత, ఆకు ఎంత, తడి ఎంత అన్నదాని మీద ఒక మనిషి పదేళ్ల జీవితం ఆధారపడుతోంది. ఆ మనిషి సాధారణంగా కూలికి మూట మోసేవాడు. పెట్టుబడి పెట్టినవాడి పేరు ప్యాకెట్ మీద ఉండదు.

2020లో హీరా సింగ్ కేసులో సుప్రీంకోర్టు, కలిపిన పిండితో సహా మొత్తం బరువునే లెక్కించాలంది. కల్తీ సరుకూ ప్రమాదమే కాబట్టి అందులో న్యాయం లేకపోలేదు. కాకపోతే చిక్కటి హెరాయిన్ 200 గ్రాములు అమ్మేవాడికంటే, నామమాత్రంగా హెరాయిన్ కలిపిన పొడి 300 గ్రాములు మోసేవాడు పెద్ద నేరస్థుడవుతాడు.

అసలు పెద్ద ఖాళీ మద్యం దగ్గర ఉంది. రాజ్యాంగం 47వ అధికరణ మత్తు పానీయాలనూ మత్తుమందులనూ ఒకే వాక్యంలో చెప్పింది. పాలనలో మాత్రం మద్యం రాష్ట్రాల జాబితాలోకి, ఖజానా ఆదాయంలోకి వెళ్లింది. కేంద్రం 2019లో ప్రకటించిన ఎయిమ్స్ సర్వే ప్రకారం దేశంలో మద్యం తాగేవారు సుమారు 16 కోట్లు, వారిలో వైద్యసాయం అవసరమైనవారు 5.7 కోట్లు. భంగుతో కలిపి గంజాయి రకాలు వాడేవారు 3.1 కోట్లు, సాయం కావాల్సినవారు 72 లక్షలు. 2010లో బ్రిటన్‌లో డేవిడ్ నట్ బృందం 20 పదార్థాలకు 16 ప్రమాణాలతో మార్కులు వేస్తే మద్యానికి 72, హెరాయిన్‌కు 55, గంజాయికి 20 వచ్చాయి. ఆ మార్కులు అక్కడి వాడకానికి వేసినవి, ఇక్కడికి యథాతథంగా తెచ్చుకోనక్కర్లేదు. కొల్లేరు చుట్టుపక్కల ముప్పు లెక్కిస్తే పట్టికలో నాటుసారాకే ఒక వరుస కేటాయించాలి. 2022 మార్చిలో జంగారెడ్డిగూడెం మరణాలు సారా వల్లేనని కుటుంబాలు అంటే, సహజ మరణాలని అప్పటి ప్రభుత్వం అంది. వాదన అసెంబ్లీ దాకా పోయింది.

మద్యం హాని ఎక్కువగా కనబడటానికి అది వీధి వీధినా దొరకడమే కారణమని, గంజాయినీ వదిలేస్తే అదీ పెరుగుతుందని ఒక అభ్యంతరం. అది సబబైనదే. లేత వయసులో గంజాయి మనసును దెబ్బతీస్తుందన్నదీ నిజమే. ముప్పును బట్టి వర్గీకరించడమంటే నిషేధం ఎత్తేయడం కాదు. ప్రాణాపాయం, వ్యసనం, ఇంటికీ వీధికీ కలిగే హాని, కల్తీ: ఈ నాలుగింటినీ చూసి మోతాదుల్లో హద్దు పెట్టడం, మోసేవాడినీ పెట్టుబడిదారునీ వేరు చేయడం, మద్యాన్నీ అదే పట్టికలో కొలవడం. 2020 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి మాదకద్రవ్యాల కమిషన్ గంజాయిని 1961 ఒప్పందంలోని నాలుగో షెడ్యూలు నుంచి తీసేసినప్పుడు భారత్ అనుకూలంగానే ఓటేసింది. ఇంటి దగ్గర 20 కిలోల గీత మాత్రం కదల్లేదు.

కనిష్ఠ శిక్షలు మార్చాలంటే పార్లమెంటు కావాలి. పరిమాణాల హద్దులకు అదీ అక్కర్లేదు. 2001 అక్టోబరు 19న అవి వచ్చింది కేంద్రం జారీచేసిన గెజిట్ నోటిఫికేషన్‌తోనే. మరో నోటిఫికేషన్‌తో మార్చవచ్చు.

— ఒక పాఠకుడు, తాడేపల్లిగూడెం