వాగ్నర్ కోసం ఏడ్చిన ట్యూబా

రాత్రి ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని బ్రూక్నర్ ఏడో సింఫనీ వింటున్నా. రెండో భాగం మొదట్లోనే ఓ బరువైన గొంతు! ఫ్రెంచ్ హార్నా? కాదు. ట్రాంబోనా? అదీ కాదు. వెతికితే తేలింది... వాగ్నర్ ట్యూబా!

జర్మన్ స్వరకర్త వాగ్నర్‌కి ‘రింగ్’ ఒపెరాల్లో దేవతల కోట వల్హాలా కోసం ఆ రెండింటికీ మధ్య ఉండే నాదం కావాల్సొచ్చింది. దొరక్కపోతే కొత్త వాద్యమే చేయించాడు. 1876లో బైరాయిట్‌లో ‘రింగ్’ మొత్తాన్ని మొదటిసారి ప్రదర్శించినప్పుడు అవి నాలుగు కలిసి మోగాయి. పేరుకే ట్యూబా. మౌత్‌పీస్ హార్న్‌ది, వాయించేదీ హార్న్ కళాకారులే. శ్రుతి తప్పకుండా వాయించడం మాత్రం వాళ్లకీ కష్టమే.

1883లో వాగ్నర్ పోయాడు. అప్పటికి ఈ సింఫనీ రాస్తున్న బ్రూక్నర్, అదే భాగం చివర్లో ఆ ట్యూబాలతోనే వీడ్కోలు పలికించాడు. వాగ్నర్ పుట్టించిన గొంతే వాగ్నర్ కోసం ఏడ్చిందన్నమాట.

ఈ రాత్రికి ఒక్కసారి వినండి.